ఖర్చు లెక్క సరే, పిల్లల లెక్క ఏది?



మార్చి నెల వచ్చిందంటే మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఒక పరుగు మొదలవుతుంది. ఆలస్యంగా వచ్చిన నిధులను ముప్ఫై ఒకటో తేదీలోపు ఖర్చు చూపించాలి, లేకపోతే మురిగిపోతాయి. ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో ఇలా ఖర్చు ఎగబాకడం ఆర్థిక క్రమశిక్షణకు భంగమని కేంద్రం వారి సాధారణ ఆర్థిక నియమావళి (2017) 62వ నియమం స్పష్టంగానే చెబుతోంది. అయినా పరుగు ఆగలేదు. రోడ్డు పని విషయంలో ఈ పరుగు వల్ల పోయేది తారు, కంకర. వినికిడి లోపం ఉన్న ఏడేళ్ళ పిల్ల విషయంలో పోయేది ఆ పిల్ల మాటలు నేర్చుకోగలిగే వయసు. అది వచ్చే బడ్జెట్‌లో తిరిగి మంజూరు కాదు.

బడుల్లో ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం ఇచ్చే గ్రాంట్ల మీద, వాటి లెక్కల నియమాల మీద మనం పెద్దగా మాట్లాడుకోం. ఎన్నికలు, ప్రాజెక్టులు, రాజధాని, నీళ్ళు, ఇవే మన చర్చలు. అకౌంట్స్ రూల్సు గుమాస్తాల వ్యవహారం అనుకుంటాం. కానీ ఒక ప్రభుత్వం దేన్ని ముఖ్యమనుకుంటున్నదో తెలియాలంటే మేనిఫెస్టో కంటే దాని ఆడిట్ ఫారం చూడడం మంచిదని నా అభిప్రాయం. మన ఫారాలు డబ్బు ఏ పద్దు కింద, ఏ తేదీలోపు ఖర్చయిందో గట్టిగా అడుగుతాయి. ఆ డబ్బుతో ఫలానా బిడ్డకు ఏం అందిందో అంత గట్టిగా అడగవు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

డబ్బు ఎంత, ఎలా వస్తుంది?

వికలాంగ బాలల సమీకృత విద్య కోసం కేంద్రం మొదటి పథకం పెట్టింది 1974లో. తరువాత సర్వశిక్షా అభియాన్‌లో ఒక్కో బిడ్డకు ఏడాదికి 1,200 రూపాయల వరకు అన్నారు. విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చాక దాన్ని 3,000 చేసి, అందులో కనీసం 1,000 రూపాయలు రిసోర్స్ టీచర్లకే వాడాలని షరతు పెట్టారు. 2018లో సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్, ఉపాధ్యాయ శిక్షణ పథకాలను కలిపి సమగ్ర శిక్షా చేసినప్పుడు అది 3,500 అయింది. ప్రత్యేక ఉపాధ్యాయుల జీతాలకు సాయం వేరే లెక్క. అమ్మాయిలకు అదనంగా నెలకు 200 చొప్పున పది నెలల స్టైపెండ్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం.

పాత 3,000లో టీచర్ల వాటా తీసేస్తే పిల్లలకు మిగిలేది 2,000. ఇప్పుడు 3,500. పెరిగింది నిజమే. ఈలోగా దేశంలో ధరలు రెట్టింపు దాటాయి. 3,500 అంటే రోజుకు పది రూపాయల లోపు. ఈ పది రూపాయల్లోనే గుర్తింపు శిబిరాలు, ఉపకరణాలు, బ్రెయిలీ పుస్తకాలు, రవాణా భత్యం, తోడు వచ్చేవారి భత్యం, ఫిజియోథెరపీ అన్నీ ఇమడాలి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ 3,500 ఫలానా బిడ్డ పేరు మీద జమయ్యే సొమ్ము కాదు. ప్రణాళిక వేసుకోవడానికి ఒక పరిమితి. ఒక మండలంలో 60 మంది పిల్లలున్నారనుకుందాం. పరిమితి 2,10,000 రూపాయలు. అందులో ఎవరి మీద ఎంత ఖర్చు పెట్టాలన్నది అవసరాన్ని బట్టి అధికారులు నిర్ణయిస్తారు. ఇది తప్పని నేను అనను. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డ అవసరం, కళ్ళజోడుతో సరిపోయే బిడ్డ అవసరం ఒకటి కాదు. కానీ ఈ సర్దుబాటు తరువాత ఏ తల్లీ వచ్చి "మా అబ్బాయికి ఈ ఏడాది ఏం ఇచ్చారు?" అని కాగితం చూపించి అడగలేదు. ఆ కాగితమే లేదు. కుటుంబానికి కంటికి కనిపించేది అమ్మాయిల స్టైపెండ్ ఒక్కటే, ఎందుకంటే అది నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. పడకపోతే తల్లి అడుగుతుంది. మిగతావి అందకపోతే, అందాల్సి ఉందని కూడా ఆమెకు తెలియదు.

నియమాలు ఏమి అడుగుతాయి?

గ్రాంటు తీసుకున్న ప్రతి సంస్థా యుటిలైజేషన్ సర్టిఫికెట్, వాడుకలో యూసీ, ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోగా ఇవ్వాలని నియమావళి గడువు. 2021 జూలై నుంచి కేంద్ర ప్రాయోజిత పథకాలన్నింటికీ రాష్ట్రంలో ఒకే నోడల్ ఏజెన్సీ, ఒకే ఖాతా అన్న పద్ధతి పెట్టారు. కింది కార్యాలయాలకు జీరో బ్యాలెన్స్ ఖాతాలు. కేంద్రం ఒక్కసారి పావు వంతుకు మించి విడుదల చేయదు. రాష్ట్రం తన వాటా జమ చేసి, ముందు ఇచ్చిన దానిలో కనీసం 75 శాతం ఖర్చయ్యాకే తరువాతి విడత.

ఈ సంస్కరణలో మంచి ఉంది. వెనకటికి వేలాది చిన్న ఖాతాల్లో డబ్బు ఏళ్ళ తరబడి నిద్రపోయేది, వడ్డీ లెక్క కూడా ఉండేది కాదు. ఇప్పుడు ఏ రోజు ఎంత మిగిలిందో ఢిల్లీకి తెలుస్తుంది. దొంగతనానికి సందు తగ్గింది. ప్రజాధనానికి లెక్క చెప్పాలన్న వాళ్ళలో నేనూ ఒకడిని కనుక దీన్ని స్వాగతిస్తాను.

కానీ రాష్ట్రం తన 40 శాతం ఆలస్యం చేస్తే శిక్ష ఎవరికి? తరువాతి విడత ఆగుతుంది. థెరపిస్టు రాక ఆగుతుంది. ఆలస్యం చేసిన ఆర్థిక శాఖకు ఏమీ కాదు, నష్టపోయేది భవిత కేంద్రానికి వచ్చే పిల్లవాడు. నియమం ఉల్లంఘించినవాడు ఒకడు, మూల్యం చెల్లించేవాడు మరొకడు.

యూసీ పత్రంలో భౌతిక లక్ష్యాలు, ఫలితాలు అన్న వరుస కూడా ఉంటుంది, అది లేదని నేను అనడం లేదు. అయితే అక్కడ నిండేవి ఇన్ని శిబిరాలు, ఇన్ని పరికరాలు, ఇంతమంది లబ్ధిదారులు అన్న అంకెలు. వినికిడి యంత్రాన్నే తీసుకోండి. కేంద్ర సంస్థ అలింకో ద్వారా 60:40 ఖర్చు వాటాతో పిల్లలకు ఉపకరణాలు ఇచ్చే ఏర్పాటు ఉంది. శిబిరం పెడతారు, యంత్రం ఇస్తారు, ఫోటో తీస్తారు, రశీదు మీద తండ్రి వేలిముద్ర పడుతుంది. లెక్కల పరంగా ఆ ఫైలు అక్కడితో ముగిసింది. కానీ బ్యాటరీ అయిపోతుంది. పిల్ల ఎదిగే కొద్దీ చెవిలో పెట్టే అచ్చు బిగుతు తప్పి కీచుమంటుంది, కొత్తది చేయించాలి. యంత్రంతో వినడం నేర్పే మనిషి కావాలి. ఇవేవీ జరగక యంత్రం అటక మీదికి చేరినా ఆ ఏడాది యూసీలో తప్పు కనిపించదు.

విచిత్రమేమిటంటే చట్టం అడగాల్సిన ప్రశ్న అడుగుతూనే ఉంది. వికలాంగుల హక్కుల చట్టం (2016) 16వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్న ప్రతి విద్యార్థి భాగస్వామ్యం, ప్రగతి, చదువు పూర్తి చేయడం ఇవన్నీ విద్యాసంస్థలు గమనిస్తూ ఉండేలా ప్రభుత్వం చూడాలి. "ప్రతి విద్యార్థి" అన్నది చట్టంలో ఉన్న మాట. ఆ మాట ఆర్థిక నియమాల దాకా ప్రయాణం చేయలేదు.

ఎవరు చూడాలి?

విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. బడికి వచ్చే గ్రాంట్ల వినియోగాన్ని పర్యవేక్షించడం ఆ కమిటీ విధి. 2012 సవరణతో వైకల్యం ఉన్న పిల్లలు కూడా "అననుకూల వర్గం" నిర్వచనంలోకి వచ్చారు, కనుక వారి తల్లిదండ్రులకు కమిటీలో దామాషా ప్రకారం చోటు దక్కాలి. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది?

అయితే సహిత విద్య నిధుల్లో చాలా భాగం బడి క్యాష్‌బుక్కులోకి రాదు. జిల్లా, మండల స్థాయిలోనే ఖర్చవుతుంది. సుద్దముక్కలకు, మరుగుదొడ్ల శుభ్రతకు వచ్చే కాంపోజిట్ గ్రాంటును కమిటీ చూడగలదు. కమిటీలో కూర్చున్న వికలాంగ బాలుడి తల్లి తన బిడ్డ కోసం వచ్చిన డబ్బును మాత్రం చూడలేదు.

మనుషుల సంగతి మరీ అన్యాయం. ప్రత్యేక ఉపాధ్యాయుల గురించి సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే కేసులో తీర్పు ఇచ్చింది. ప్రాథమిక స్థాయిలో పది మంది పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు అన్న నిష్పత్తిని కేంద్రం 2022లో నోటిఫై చేసింది. 2025 మార్చిలో కోర్టు మళ్ళీ రాష్ట్రాలను మందలించి పోస్టులు ప్రకటించమనాల్సి వచ్చింది. మన ఐఈఆర్‌టీలు ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే పనిచేస్తున్నారు. రెగ్యులర్ పోస్టు ఎప్పటికీ మిగిలే బాధ్యత, పరికరం ఒక్క ఏడాది ఖర్చు. ఏడాదికి ఒకసారి తెగే లెక్క ఉన్నచోట పరికరమే గెలుస్తుంది.

బ్యోబ్లింగెన్‌లో ఎలా ఉంది?

నేను ఉంటున్న బ్యోబ్లింగెన్, పక్కనే ఉన్న జిండెల్‌ఫింగెన్ ప్రాంతంలో కార్ల పరిశ్రమలోనూ, సాఫ్ట్‌వేర్‌లోనూ పనిచేసే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కొందరి పిల్లలకు ఆటిజం వంటి ఇబ్బందులున్నాయి. వారి ద్వారానే ఇక్కడి పద్ధతి నాకు తెలిసింది.

బడిలో టీచర్ల జీతం బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం ఇస్తుంది. భవనం, సామగ్రి సాధారణంగా మునిసిపాలిటీ చూసుకుంటుంది. బిడ్డ పక్కన కూర్చుని సాయం చేసే సహాయకుడు కావాలంటే లాండ్రాట్‌సామ్ట్‌కు, అంటే మన కలెక్టరేట్ వంటి జిల్లా కార్యాలయానికి, దరఖాస్తు పెట్టాలి. శారీరక, మేధో వైకల్యాలకు సాంఘిక చట్టం తొమ్మిదో పుస్తకం, మానసిక ఇబ్బందులకు ఎనిమిదో పుస్తకం వర్తిస్తాయి. బడి చదువు కోసం ఇచ్చే ఈ సాయంలో తల్లిదండ్రుల ఆదాయం చూడరు.

నాకు బాగా నచ్చింది ఒక్కటే. నిర్ణయం తల్లిదండ్రుల పేరు మీద ఉత్తరంగా వస్తుంది. వారానికి ఇన్ని గంటలు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని అందులో ఉంటుంది. సహాయకుడిని పంపిన సంస్థ ఆ గంటల లెక్క మీదే బిల్లు పెడుతుంది. నచ్చకపోతే నెలలోగా అభ్యంతరం తెలపవచ్చు, తరువాత కోర్టుకు వెళ్ళవచ్చు. అంటే జిల్లా ఖర్చు పుస్తకంలో ఉన్న అంకె, తల్లి చేతిలో ఉన్న కాగితంలోని అంకె ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఆడిటర్ రాకముందే ఆమె ఆడిట్ చేయగలదు.

మరొక మంచి నియమం. దరఖాస్తు అందుకున్న కార్యాలయం అది తన పరిధిలోది కాదనుకుంటే రెండు వారాల్లోగా సరైన కార్యాలయానికి పంపాలి. గడువు దాటితే తానే తేల్చాలి. రెండో కార్యాలయం "మాది కాదు" అంటూ ఊరికే తిప్పి పంపడానికి వీల్లేదు. మన దగ్గర విద్యాశాఖ, వైద్యశాఖ, వికలాంగుల సంక్షేమ శాఖల మధ్య తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్న తల్లిదండ్రులకు ఈ ఒక్క నియమం విలువ తెలుస్తుంది.

అలాగని ఇక్కడంతా స్వర్గం అని చెప్పను. ఈ రాష్ట్రంలో ప్రత్యేక పాఠశాలకే వెళ్ళాలన్న నిర్బంధం తీసేసింది 2015లో. ఇప్పటికీ జర్మనీలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల్లో సగానికి పైగా విడి బడుల్లోనే చదువుతున్నారు. దీన్ని ఐక్యరాజ్య సమితి కమిటీ 2023లో తప్పు పట్టింది. సహాయకులు దొరక్క మంజూరైన గంటలు కాగితం మీదే మిగలడం ఇక్కడా వింటాం. పైగా సాయం కావాలంటే ముందు బిడ్డకు ఒక ముద్ర పడాలి. ముద్ర వేయించకపోతే సాయం లేదు, వేయిస్తే దాన్ని మోయాలి. మన సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం గీత దగ్గర కుటుంబాలు పడే యాతన కూడా అలాంటిదే.

అమెరికా పాఠం

అమెరికాలో ఉన్న మిత్రులకు ఐడియా చట్టం తెలిసిందే. 1975లో చేసిన చట్టంలో అదనపు ఖర్చులో 40 శాతం దాకా ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుందన్నారు. ఆ మాట ఎన్నడూ నిలబెట్టుకోలేదు, ఇటీవలి సంవత్సరాల్లో 15 శాతం లోపే. అయినా అందులో మనం నేర్చుకోదగిన షరతు ఒకటుంది. ఫెడరల్ డబ్బు వచ్చింది కదా అని స్కూల్ డిస్ట్రిక్టు తన సొంత ఖర్చు తగ్గించుకోవడానికి వీల్లేదు. కొన్ని మినహాయింపులు తప్ప, గత ఏడాది ఎంత పెట్టిందో ఈ ఏడాదీ అంత పెట్టాలి. తలకు ఇంత అని డబ్బిస్తే ముద్రలు పెరుగుతాయన్న భయంతో 1997లో పంపిణీ సూత్రాన్ని కూడా మార్చారు. అదనపు నిధుల్లో 85 శాతం పిల్లల జనాభాను బట్టి, 15 శాతం పేదరికాన్ని బట్టి పంచాలన్నారు.

అంత పకడ్బందీ నియమాలున్న దేశం కూడా 2014లో ఒక మాట ఒప్పుకుంది. రాష్ట్రాలు ఫారాలన్నీ సరిగ్గా నింపుతున్నా పిల్లల చదువు ఆ మేరకు మెరుగుపడడం లేదని గ్రహించి, అక్కడి విద్యాశాఖ తన తనిఖీలో ఫలితాలను కూడా లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టింది. వారు నలభై ఏళ్ళకు నేర్చుకున్నది మనం కాస్త ముందే నేర్చుకోవచ్చు.

ఏం చేయాలి?

నా సూచనలు నాలుగు.

1. ప్రతి బిడ్డకూ జూన్ నెలలో ఒక సేవా పత్రం, తెలుగులో, తల్లిదండ్రుల చేతికి. ఈ ఏడాది ఎన్ని థెరపీ రోజులు, ఏ ఉపకరణం, దాని మరమ్మతు ఎవరి బాధ్యత, ఎంత భత్యం అన్నీ అందులో ఉండాలి. మూడు నెలలకోసారి అందినదేదో రాసి తల్లి సంతకం తీసుకోవాలి. యూసీకి జతగా వెళ్ళాల్సింది ఈ లెక్క.

2. మండలం వారీగా వివరాలు నోటీసు బోర్డు మీద, వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఎంత మంజూరు, ఏ తేదీన విడుదల, ఎంత ఖర్చు, ఎన్ని థెరపీ రోజులు జరిగాయి, ఎన్ని రద్దయ్యాయి. పిల్లల పేర్లు, వైకల్యం వివరాలు బయట పెట్టకూడదు.

3. జనవరి తరువాత విడుదలైన నిధిని సెప్టెంబరు వరకు వాడుకునే వీలు కల్పించాలి. రాష్ట్రం వాటా ఆలస్యమైతే ఎన్ని రోజులు ఆలస్యమో ఆర్థిక శాఖ పేరు మీద ప్రకటించాలి.

4. దరఖాస్తు ఒక్కసారే బదిలీ కావాలి. మొదట అందుకున్న కార్యాలయమే జవాబుదారీ.

"ఐఈఆర్‌టీలు ఇప్పటికే రిజిస్టర్ల కింద నలిగిపోతున్నారు, మళ్ళీ కొత్త కాగితమా?" అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఈ పత్రం ఇప్పుడున్న నివేదికలకు అదనంగా కాదు, వాటిలో కొన్నింటి స్థానంలో రావాలి. ఒక బిడ్డ ఒక పేజీ. శిబిరం ఫోటోలు, ఒకే అంకెను మూడు ఫార్మాట్లలో పంపడం మానేస్తే ఆ సమయం దొరుకుతుంది.

మన సంగతేమిటి?

ప్రభుత్వాన్ని అనే ముందు మన దానాల తీరు చూసుకోవాలి. ఊళ్ళో ప్రత్యేక పాఠశాలకు డబ్బు పంపేటప్పుడు మనం అడిగేది గది, కంప్యూటర్, గోడ మీద పేరు. జీతాలకు మాత్రం వద్దంటాం. స్పీచ్ థెరపిస్టు జీతం కంటే ఆ బడికి కావాల్సింది ఇంకేముంది? 2020 విదేశీ విరాళాల చట్ట సవరణతో పాలనా ఖర్చు 20 శాతానికి మించకూడదన్నది నిజమే. కానీ బడిలో టీచర్ల జీతం పాలనా ఖర్చులోకి రాదని ఆ చట్టం కింది నియమాలే చెబుతున్నాయి. ఈ సంగతి తెలియక భయపడి ఇటుకలకే డబ్బిస్తున్నవారు ఉన్నారు.

ఇంకో జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. జర్మన్ లేదా అమెరికన్ పౌరసత్వం తీసుకున్నవారు పంపేది, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. అందుకునే సంస్థకు ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. ఆ సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. 2024 జూన్ నుంచి జర్మనీ రెండు పౌరసత్వాలను అనుమతిస్తున్నా భారతదేశం అనుమతించదు కనుక, ఇక్కడ పౌరసత్వం మార్చుకుంటున్న మిత్రులు ఇది గుర్తుంచుకోవాలి. మన పొరపాటుకు శిక్ష పడేది ఆ చిన్న బడికి.

సమాచార హక్కు కూడా పౌరులకే. భారత పాస్‌పోర్టు ఉన్నవారు మీ మండలం సహిత విద్య లెక్కలు అడగండి. లేనివారు ఊళ్ళో ఉన్న అన్నదమ్ముల చేత, అక్కచెల్లెళ్ళ చేత అడిగించండి. వచ్చే సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు ఒక పూట మండల కేంద్రంలోని భవిత కేంద్రానికి వెళ్ళి మూడు ప్రశ్నలు వేయండి. పోయిన ఏడాది డబ్బు ఏ నెలలో వచ్చింది? థెరపిస్టు ఎన్ని రోజులు వచ్చారు? ఇచ్చిన వినికిడి యంత్రాల్లో ఈ రోజు ఎన్ని పనిచేస్తున్నాయి? మూడో ప్రశ్నకు జవాబు ఏ రిజిస్టర్‌లోనూ దొరక్కపోవచ్చు. అప్పుడు అక్కడ ఉన్న తల్లులను అడగండి, వారికి తెలుసు. ఆ జవాబులు రాసి పంపితే, రెండు రాష్ట్రాల విద్యాశాఖలకు మన తరఫున ఒక వినతిపత్రం తయారు చేద్దాం.